ముక్క రేటుకన్నా ముందు దుమ్ము మాట



కిందటి ఆదివారం చింతామణిలో జరిగిన మన సమావేశంలో చివరి గంటంతా ఒకే విషయం మీద వాదనతో గడిచిపోయింది. రాలేకపోయిన వారి కోసం సంగతేమిటో ముందు చెబుతాను. మిల్లు మూతపడ్డాక చేతికొచ్చిన సెటిల్‌మెంటు డబ్బులు పోగుచేసుకుని మన సభ్యులు అయిదుగురు శిడ్లఘట్ట రోడ్డులో ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకున్నారు. రెండు పాత లేతు మిషన్లు పెట్టుకున్నారు. అయిదుగురూ మిల్లులో మెయింటెనెన్సు డిపార్టుమెంటు వాళ్ళే. ఇంతకాలం బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు, పట్టు రీలింగు మిషన్లకు కావలసిన చిన్నాచితకా సామాన్లు చేసుకుంటూ సంసారాలు ఈదుతున్నారు. ఇప్పుడు వాళ్ళ దగ్గరకు బెంగళూరు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. బల్లమీద పెట్టుకుని సరదాకు నడిపించే చిన్న ఇంజన్లకు గ్రాఫైటు పిస్టన్లు కావాలన్నాడు. నెలనెలా వందల్లో కావాలట. సరుకు అతనే ఇస్తాడు, ముక్కకు ఇంత అని కూలి కట్టిస్తాడు.

తీసుకుందామని కొందరు, వద్దని కొందరు. ఆ వాదనలో మన తమ్ముడొకడు లేచి, "ముప్పై ఏండ్లు పత్తి దుమ్ము మింగినాం కదన్నా, ఈ పెన్సిలు పొడి మనల్నేం చేస్తాది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయాక ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆర్డరు వదులుకోవద్దు. కానీ వ్యాపారి చెప్పిన పద్ధతిలో మాత్రం ఒప్పుకోవద్దు.

నాకు ఈ పని కొత్త కాదు. రెండేండ్ల కిందట ఒకటి చేశాను. సెప్టెంబరు 15 వస్తే మన జిల్లాలో బడిపిల్లలకు హడావిడి ఎక్కువ. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి మన చిక్కబళ్ళాపురం పక్కనే కదా. ఆయన ఇంటిపేరు మోక్షగుండం తెలుగునాటి ఊరి పేరే. ఆయన పుట్టిన రోజును దేశమంతా ఇంజనీర్ల దినంగా జరుపుతారు, బడుల్లో ప్రదర్శనలు పెడతారు. మన సభ్యుడొకరి మనవడు బెంగళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియానికి పోయి, అక్కడ ఇంజన్ హాలు చూసి వచ్చి, నా వెంట పడ్డాడు. "తాతా, ఆవిరి లేకుండా, పెట్రోలు లేకుండా ఉత్త గాలితో తిరిగే ఇంజను చేసియ్యి" అన్నాడు.

అలాంటి ఇంజను వుంది. 1816లో రాబర్ట్ స్టిర్లింగ్ అనే స్కాట్లండు మతాచార్యుడు దానికి పేటెంటు తీసుకున్నాడు. బాయిలరు లేదు కాబట్టి పేలే భయం లేదు. లోపల బంధించిన గాలిని ఒక చివర వేడి చేస్తాము, ఇంకో చివర చల్లగా వుంచుతాము. వదులుగా కదిలే ఒక దిమ్మ ఆ గాలిని వేడి వైపుకూ చల్ల వైపుకూ నెడుతూ వుంటుంది. వేడెక్కిన గాలి ఉబ్బి పిస్టన్‌ను తోస్తుంది, చల్లబడిన గాలి ముడుచుకుంటుంది. ఇంతే సూత్రం. తెల్లవాళ్ళ కాలంలో కరెంటు లేని బంగళాల్లో కిరసనాయిలు దీపం వేడితో తిరిగే పంకాలు ఇదే సూత్రం మీద నడిచేవి. 1980లలో బంగ్లాదేశ్‌లో వరి పొట్టు మండించి నడిపే స్టిర్లింగ్ ఇంజను కోసం గట్టి ప్రయత్నమే జరిగింది. కనుక దీన్ని ఉత్త ఆటబొమ్మ అని తీసిపారేయకండి. ఇప్పుడు మాత్రం ఇది ఎక్కువగా పిల్లల చదువుకూ, పెద్దవాళ్ళ సరదాకూ మిగిలింది. బయటి దేశాల్లో రిటైరయినవాళ్ళు ఇండ్లలో చిన్న లేతులు పెట్టుకుని ఇలాంటివి చేసుకుంటారు. మన వ్యాపారి కన్ను ఆ గిరాకీ మీదే.

బొమ్మ ఇంజనుకు బలం బహు తక్కువ. స్పిరిటు దీపం పెడితే వచ్చే ఆ కాస్త బలాన్ని పిస్టన్ రాపిడే మింగేస్తుంది. నేను మొదట ఇత్తడి సిలిండరుకు ఇత్తడి పిస్టనే చేసి, కుట్టు మిషను నూనె వేశాను. చక్రం ఒక చుట్టు తిరిగి నిలబడిపోయింది. నూనె జిగురే దానికి బరువైంది. వదులు చేస్తే గాలి కారిపోతుంది. రబ్బరు రింగు వేస్తే పట్టేస్తుంది. అప్పుడు పీణ్యలో టూల్ రూములో పనిచేసే మనవాడొకడు స్పార్క్ ఎరోషన్ మిషన్లకు వాడే గ్రాఫైటు ఎలక్ట్రోడు తుంట ఒకటి తెచ్చిచ్చాడు. "దీంతో చెయ్యన్నా, నూనె అక్కరలేదు" అన్నాడు.

గ్రాఫైటు మనకు తెలియని వస్తువేం కాదు. మోటార్లలో కార్బన్ బ్రష్షు మార్చనివాడు మనలో ఎవరున్నారు? పెన్సిలు ములికి అదే. దాని లోపల పొరలు పొరలుగా వుండి ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ జారుడుకు గాలిలో కాస్త తేమ కూడా కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో పొడి గాలికి జనరేటరు బ్రష్షులు చూస్తుండగానే అరిగిపోయి ఇంజనీర్లను ఇబ్బంది పెట్టాయి. నూలు తెగకుండా మిల్లులో తేమ పెట్టేవాళ్ళు, గుర్తుందా? గ్రాఫైటుకూ అలాంటి సుకుమారమే.

గ్రాఫైటును లేతు మీద పెట్టిన మొదటి పది నిమిషాలు ఏ టర్నరుకైనా సంబరంగానే వుంటుంది. ఇనుములాగా ఎదురు తిరగదు, డ్రిల్లు వేస్తే ఇత్తడిలాగా టూలును లోపలికి లాక్కోదు. వెన్నలా తెగుతుంది. తర్వాతే దాని గుణం తెలుస్తుంది. చక్ కాస్త గట్టిగా బిగిస్తే పలుచని గోడ టప్పున పగులుతుంది. నేను రెండు ముక్కలు పగలగొట్టాకే చీలిక వేసిన ఇత్తడి బుష్షులో పెట్టి పట్టడం నేర్చుకున్నాను. టూలు చివరి అంచు దాటేటప్పుడు అక్కడ పెంకులా లేచిపోతుంది, అందుకని ముందే అంచు కొంచెం చెక్కి పెట్టుకోవాలి. చేతికి మెత్తగా తగిలే ఈ వస్తువు టూలు మొనను మాత్రం ఎమెరి రాయిలా తినేస్తుంది. హైస్పీడు స్టీలు టూలు నాలుగు ముక్కలకే మొండిబారింది. కార్బైడు నయం. పెద్ద ఫ్యాక్టరీల్లో డైమండు మొన వాడేది అందుకే. మొండి టూలుతో లాగితే గ్రాఫైటు తెగదు, నలిగి పొడవుతుంది. కొలత కూడా పోతుంది.

కొలతే దీనికి ప్రాణం. నాది 16 మిల్లీమీటర్ల పిస్టను. సిలిండరుకూ దానికీ మధ్య మిల్లీమీటరులో నూరో వంతు సందు వదిలాను. గ్రాఫైటు వేడికి పెరిగేది ఇత్తడి పెరిగేదానిలో నాలుగో వంతు వుంటుంది. సిలిండరు ఒక 40 డిగ్రీలు వేడెక్కితే చాలు, ఆ సందు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే తెలిసినవాళ్ళు సిలిండరును బోరోసిలికేటు గాజుతో చేస్తారు. ఆ గాజు కూడా గ్రాఫైటులాగే తక్కువ పెరుగుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడడానికి మైక్రోమీటరు కన్నా బొటనవేలు మేలు. సిలిండరు నిలువుగా పట్టుకుని కింది రంధ్రం వేలితో మూసి పిస్టన్ వదిలితే అది గాలి మీద కూర్చున్నట్టు మెల్లగా, బహు మెల్లగా దిగాలి. వేలు తీస్తే టపీమని పడిపోవాలి. అయిదో ముక్క అలా దిగింది. దీపం పెట్టాక చక్రం తిరగడం మొదలైంది, దీపం ఆర్పినా కొంతసేపు తిరుగుతూనే వుంది. ఆ పిల్లవాడి ముఖం చూసి నేను కూడా పదేండ్లవాణ్ణయ్యాను. ఈ పనిలో ఆనందం లేదని నేనెప్పుడూ అనను.

ఇక రెండో సంగతికి వస్తాను. ఇనుము తెగితే చుట్టలు చుట్టలుగా రజను వస్తుంది, ఊడ్చేస్తాము. గ్రాఫైటుకు రజను రాదు. తెగినదంతా పొడే. ముతక పొడి బెడ్డు మీద పడుతుంది, సన్నపొడి కంటికి కనపడకుండా గాలిలో తేలుతుంది. కొలత చూడాలంటే టర్నరు తల ఎక్కడ వుంటుంది? టూలు మొనకు జానెడు దూరంలో. ఆ అయిదు ముక్కలు చేసిన రోజు రాత్రి నేను చీదితే నలుపు, ఉమ్మితే నలుపు. మా అమ్మాయి మరునాడు గుడ్డలు ఉతుకుతూ, "నాయనా, ఎన్ని నీళ్ళు మార్చినా ఈ టవలు నలుపు వదలలేదే, బొగ్గుల మండీలో చేరినావా?" అని అడిగింది. నవ్వి వూరుకున్నాను. వారం తిరిగేలోగా లేతు స్టార్టరు కాలిపోయింది. విప్పి చూస్తే లోపల కాంటాక్టుల మధ్య నల్లగా పూత. ఈ పొడి కరెంటును పారనిస్తుందన్న సంగతి మోటార్లు విప్పిన నాకు తెలియనిదా? తెలుసు, కానీ తట్టలేదు. అది మిషను కాబట్టి వారంలో చెప్పింది.

మనిషి అంత తొందరగా చెప్పడు. పత్తి దుమ్ము దగ్గర మనకు ఒక అనుభవం వుంది. వారపు సెలవు తర్వాత సోమవారం బ్లోరూములోకో కార్డింగులోకో అడుగుపెడితే గుండె మీద రాయి పెట్టినట్టు బిగిసేది, మంగళవారానికి తేలికయ్యేది. "సోమవారం జ్వరం" అని మనమే పేరు పెట్టుకున్నాము. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అన్నారు. ఏండ్లు గడిచేకొద్దీ మంగళవారం, బుధవారం కూడా సోమవారాలే అయిపోయిన అన్నలు మన మధ్య వున్నారు, వాళ్ళ పేర్లు రాయనక్కరలేదు. అయినా పత్తికి ఒక న్యాయం వుంది: అది సోమవారం సోమవారం తలుపు కొట్టి హెచ్చరించింది. మనం వినకపోవడం వేరే సంగతి. గ్రాఫైటు తలుపు కొట్టదు. దగ్గు రాదు, ఎదురు రొమ్ము పట్టదు, మనిషి బాగానే వుంటాడు. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. గ్రాఫైటు గనుల్లో, దాన్ని పొడిచేసే మిల్లుల్లో పనిచేసినవాళ్ళకు వచ్చే ఈ జబ్బును వైద్యులు చాలా కాలం కిందటే గుర్తించి రాశారు. ఎక్సరేలో మచ్చలు కనపడేనాటికి మనిషి మెట్లెక్కలేని స్థితికి వచ్చి వుండవచ్చు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి, లేకపోతే వ్యాపారి రేపు అదే పట్టుకుని మనల్ని ఎదురు ప్రశ్నిస్తాడు. గ్రాఫైటు పత్తికన్నా సాధువే. అమెరికాలో 1978లో నూలు మిల్లులకు పెట్టిన పత్తి దుమ్ము పరిమితి ఘనమీటరు గాలికి 0.2 మిల్లీగ్రాములు. అక్కడి వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం గ్రాఫైటుకు సూచించిన పరిమితి, ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నపొడికి, 2 మిల్లీగ్రాములు. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి రెంటినీ ఒకే తక్కెడలో వేయలేము గాని, తేడా వుందన్నది నిజం. గనిలో దొరికే గ్రాఫైటులో ఇసుకరాయి పొడి, అంటే సిలికా, కలిసి వుంటుంది. పెట్రోలియం కోకునూ తారునూ కలిపి, కాల్చి, 2,800 డిగ్రీల పైచిలుకు వేడిలో తయారుచేసే కృత్రిమ గ్రాఫైటులో ఆ బెడద తక్కువ. ఎలక్ట్రోడు తుంటలు ఈ రెండో రకం. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ 2 మిల్లీగ్రాములు కొలిచేది ఎవరు? శిడ్లఘట్ట రోడ్డు షెడ్డులోకి కొలత యంత్రం పట్టుకుని ఏ ఇన్‌స్పెక్టరు వస్తాడు? వ్యాపారి ఇచ్చే తుంట ఏ రకమో కాగితం మీద రాసి ఇస్తాడా? బిళ్ళలు బిళ్ళలుగా వచ్చే పాత బ్రష్షు సరుకులో రాగిపొడి కలిపినవి కూడా వుంటాయి. అడగకుండా తీసుకుంటే ఏం పీలుస్తున్నామో మనకే తెలియదు.

ఇన్‌స్పెక్టరు మాట ఊరికే అనలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది వుంటే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త భద్రతా కోడులో ఆ లెక్క 20కీ 40కీ పెరిగింది. మన షెడ్డులో వున్నది అయిదుగురు. పాత చట్టానికీ మనం కనపడలేదు, కొత్త దానికి ఇంకా దూరమయ్యాము. నష్టపరిహారపు చట్టం షెడ్యూలులో పత్తి, అవిసె, జనుము దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ పేరు అచ్చుపడి వుంది. ఆ ఒక్క మాట అక్కడ చేరడానికి ఎంత మంది రొమ్ములు బిగిశాయో ఆలోచించండి. గ్రాఫైటు అనే మాట ఆ జాబితాలో విడిగా లేదు. అంటే రేపు జబ్బు వచ్చినా, ఇది పనివల్ల వచ్చిందని రుజువు చేసుకోవలసిన బరువు మన మీదే పడుతుంది. అదీగాక ఇక్కడ యజమాని ఎవరు? షెడ్డు మనది, లేతు మనది, ఊపిరి మనది. వ్యాపారి సరుకు ఇచ్చి సరుకు తీసుకునేవాడు మాత్రమే. ముక్కకు కూలి అనే పద్ధతిలో వున్న సౌకర్యం అంతా ఇదే, దుమ్ము లెక్క ఎవరి పుస్తకంలోనూ రాదు.

బెంగళూరులో వైట్‌ఫీల్డు వైపు పోయే బస్సెక్కిన వాళ్ళకు 'గ్రాఫైట్ ఇండియా' స్టాపు తెలుసు. ఉక్కు కొలుముల్లో వాడే గ్రాఫైటు ఎలక్ట్రోడ్లు తయారుచేసే ఫ్యాక్టరీ అక్కడ వుండేది. ఇండ్లలో నల్లటి దుమ్ము పడుతున్నదని చుట్టుపక్కల జనం ఏండ్ల తరబడి ఫిర్యాదు చేశారు. గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా, సుప్రీంకోర్టు దాకా పోయి, 2019లో ఫ్యాక్టరీ మూతబడింది. స్టాపు పేరు మిగిలింది. ఆ కేసులో తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నాకు గుచ్చుకున్న సంగతి వేరే. దుమ్ము గోడ దాటి పక్కవాళ్ళ ఇంట్లో పడితే దానికి కోర్టు వుంది, పత్రిక వుంది. షెడ్డు గోడల మధ్యనే వుండిపోయి అయిదుగురి ఊపిరిలో కలిసే దుమ్ముకు ఎవరున్నారు?

మిల్లులో రింగు ఫ్రేము కింద గాలి పీల్చే న్యూమాఫిల్ గొట్టం గుర్తు తెచ్చుకోండి. పోగు తెగితే ఆ గొట్టం దూదిని గబుక్కున లాగేసేది. అది పెట్టింది మన రొమ్ముల కోసం కాదు. తెగిన దూది పక్క పోగుకు చుట్టుకుని నూలు పాడవకుండా పెట్టారు. కానీ దానివల్ల మనకూ కొంత మేలు జరిగింది. అందులో వున్న కిటుకు ఏమంటే, దూదిని పుట్టిన చోటే పట్టుకోవడం. గది నిండా పరుచుకున్నాక ఏ ఫ్యానూ దాన్ని పట్టలేదు. గ్రాఫైటుకు కూడా అదే మందు. టూలు మొన పక్కన రెండంగుళాల దూరంలో గొట్టం మూతి పెట్టి గాలి లాగాలి. ఇంట్లో వాడే వాక్యూం క్లీనరు పనికిరాదు. దాని సంచీలోంచి సన్నపొడి దాటి మోటారులోకి పోయి, నా స్టార్టరుకు పట్టిన గతే దానికీ పట్టిస్తుంది. రైసుమిల్లుల్లో తవుడు పట్టే సైక్లోను చూశారు కదా, ఆ తీరున ఒక నూనె డ్రమ్ముతో చేసుకోవచ్చు. ముతకపొడి డ్రమ్ములో దిగుతుంది, సన్నది మందపాటి ఫిల్టరు సంచీలో ఆగుతుంది, అన్నీ దాటాకే బ్లోయరు వుండాలి. దాని మోటారు మూసివున్న రకం కావాలి. మనలో వున్న ఫిట్టర్లకు ఇది పెద్ద పని కాదు.

కొందరు గొట్టాన్ని కిటికీలోంచి బయటికి వదిలేద్దామన్నారు. షెడ్డు వెనక ఎవరున్నారో మరిచిపోయారా? పట్టు రీలింగు చేసేవాళ్ళు. తెల్లటి పట్టు మీద మన నలుపు పడితే వాళ్ళ కూడు పోతుంది. ఆ పక్కనే మల్బరీ తోట. ఆకు మీద దుమ్ము పడితే పురుగు సంగతి ఏమిటో రైతును అడగండి. మన జబ్బును పక్కింటికి తోసేస్తే అది పరిష్కారం కాదు.

నీళ్ళు పోస్తూ చేస్తే దుమ్ము లేవదు కదా అని ఇంకొక మాట వచ్చింది. లేవదు, నిజమే. కానీ ఆ నల్ల బురద లేతు బెడ్డు మీద, స్లయిడుల సందుల్లో చేరి సానపట్టే ముద్దలా మిషనును అరగదీస్తుంది. రెండు పాత లేతులు తప్ప మనకు వేరే ఆస్తి లేదు. గాలి పైపుతో ఊదేయడం మాత్రం ఎవరూ చేయొద్దు, కింద కూర్చున్న దుమ్మును లేపి ముక్కులో పెట్టుకోవడమే అది. బెడ్డు మీద గుడ్డ కప్పడం కూడా వద్దు. తిరిగే చక్‌కు గుడ్డ చుట్టుకుంటే ఏమవుతుందో షాఫ్టింగు కాలంలో పనిచేసిన పెద్దలను అడగండి. అట్ట ముక్క కోసి అయస్కాంతంతో నిలబెట్టుకుంటే చాలు. నేల మీద పడ్డ పొడి నూనె కన్నా జారుడు, అదొకటి గుర్తుంచుకోవాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం మన పాత అలవాటు, సన్నపొడికి అది అడ్డం కాదు. కరోనా పుణ్యమా అని ఎన్-95 మాస్కు అందరికీ తెలిసింది. అది వాడాలి, నల్లబడ్డది పారేయాలి. అయితే మాస్కు వుంది కదా అని గొట్టం మానేయడం కుదరదు. ఎండాకాలం రేకుల షెడ్డులో ఎనిమిది గంటలు మాస్కు పెట్టుకునేవాడు ఎవడో చూపించండి.

ఇప్పుడు డబ్బు మాటకు వద్దాం. వ్యాపారి చెప్పిన ముక్క రేటులో లేతు నడిచే టైము మాత్రమే వుంది. కార్బైడు మొనలు ఎవరివి? మాస్కులు, ఫిల్టరు సంచీలు ఎవరివి? పని అయ్యాక అరగంట ఊడ్చి, తుడిచి, కాళ్ళూచేతులు కడుక్కుని, పనిగుడ్డలు షెడ్డులోనే విడిచి ఇంటికి పోవాలి. ఆ దుమ్ము మా అమ్మాయి చేతికి అంటకూడదు కదా. ఆ అరగంట ఎవరిది? అన్నిటికన్నా ముఖ్యం, పనికిరాని ముక్కల లెక్క. గ్రాఫైటు లోపల గుల్లలు వుంటాయి, సగం చెక్కాక గాని బయటపడవు. అది సరుకు లోపం, పనివాడి లోపం కాదు. మిల్లులో దారం నాసిరకమైనా గుడ్డకు డ్యామేజీ అని నేతవాడి కూలిలో కోసిన రోజులు మనం మరిచిపోయామా? గుల్ల పడ్డ ముక్కకు కూడా కూలి ఇవ్వాలని ముందే రాయించుకోవాలి. సైక్లోను ఖర్చుకు అడ్వాన్సు అడగాలి. సరుకు ఏ రకమో కంపెనీ కాగితం అడగాలి. ఒకే మనిషి రోజంతా ఆ లేతు మీద వుండకుండా పూటపూటకూ మారాలి. సహాయానికి పిల్లలను పిలవకూడదు. పదహారేండ్ల మనవడు వచ్చి పట్టుకుంటాడులే అని ఒక అన్న అన్నది నేను విన్నాను. అన్నా, నీకు ఆ పొడి ఎదురు చెప్పేనాటికి ఏ వయసు వుంటుందో, వాడికి ఏ వయసు వుంటుందో వేళ్ళ మీద లెక్కపెట్టు.

"ఇన్ని అడిగితే వాడు పీణ్యకు పోతాడు" అన్నారు. పోవచ్చు. దాన్ని నేను కొట్టిపారేయను. మూడు నెలలుగా షెడ్డు బాడుగ సరిగా కట్టలేకపోతున్నారని నాకు తెలుసు. ఆకలి ముందు ఊపిరితిత్తుల మాట చెప్పడం పక్కనుండి చూసేవాడికి సులభమే. కానీ ఇంకో లెక్క కూడా చూడండి. వాడు మన దగ్గరకు ఎందుకొచ్చాడు? పీణ్యలో గ్రాఫైటు కోసే టూల్ రూములు వున్నాయి, దుమ్ము లాగే ఏర్పాటున్న మిషన్లు వున్నాయి, ఆ ఖర్చు వాళ్ళ రేటులో వుంది. మన రేటులో ఆ ఖర్చు లేదు కాబట్టే చింతామణి దాకా వచ్చాడు. అంటే వాడికి మిగిలేది మన పనితనం మీద కాదు, మనం పీల్చే దుమ్ము మీద. మిల్లీమీటరులో నూరో వంతు చేత్తో తేల్చగల టర్నర్లు మన షెడ్డులో ఇద్దరున్నారు. ఆ చేతికి రేటు కట్టమందాం. కొంత తగ్గి వస్తాడని నా నమ్మకం. రాకపోతే బోరు షాఫ్టులు వుండనే వున్నాయి.

యూనియన్ కూడా మాటలతో సరిపెట్టకూడదు. సైక్లోనుకు అడ్వాన్సు దొరక్కపోతే మన సహాయ నిధి నుంచి అప్పుగా ఇవ్వాలని కమిటీని కోరుతున్నాను. అయిదుగురికీ పని మొదలుపెట్టే ముందు ఒక ఛాతీ ఎక్సరే తీయించి, కాగితాలు ఆఫీసులో భద్రపరచాలి. రేపు రుజువు కావలసి వస్తే అదొక్కటే మనకు ఆధారం.

వచ్చే ఆదివారం పదిగంటలకు షెడ్డు దగ్గర కలుద్దాం. వాదన మళ్ళీ నోటితో వద్దు. లేతు వెనక, టర్నరు ముఖం ఎత్తులో ఒక పలక నిలబెట్టి దానికి తెల్ల గుడ్డ మేకులతో కొడదాం. గొట్టం లేకుండా పది ముక్కలు, గుడ్డ మార్చి గొట్టం పెట్టి పది ముక్కలు చేద్దాం. మాస్కులు నేను తెస్తాను, పాత బ్లోయరు ఒకటి నా దగ్గర వుంది. మూడంగుళాల హోసు పైపు రెండు గజాలు ఎవరి దగ్గరైనా వుంటే శనివారం సాయంత్రానికి పంపండి.

మిల్లు మాజీ టర్నరు,
బాగేపల్లి